తోటికోడలి ఆస్పత్రి

మార్చి 4
కొత్త ప్రసూతి ఆస్పత్రి డిజైన్ నాకే ఇచ్చారు! పాత ఆస్పత్రి కూల్చేసి అదే స్థలంలో ఆరంతస్తులు. ఇన్నేళ్లూ ఎవరెవరి బిల్డింగులకో బాత్రూములు, మెట్లు గీసిన చెయ్యి ఇది. ఇవాళ అప్పుడే ఆస్పత్రి గీయడం మొదలుపెట్టేసింది.

మార్చి 11
పాతది కూల్చొద్దని ఆస్పత్రి కమిటీకి వేరే ప్లాన్ వచ్చింది. రిపేరు చేసి, వెనక లిఫ్టు పెడితే చాలట. ఎవరిచ్చారా అని చూస్తే, మా తోటికోడలు! పాత కట్టడాలు బాగుచేయడమే దాని పని. ఏమీ అనుకోవు కదా అక్కా అని ఫోన్ చేసింది. అనుకోనన్నాను.
అనుకుంటున్నాను.

మార్చి 12
మా అత్తగారు ఇద్దరు కొడుకుల్నీ ఆ పాత ఆస్పత్రిలోనే కన్నది. మెట్ల మలుపులో స్ట్రెచర్ తిరగదు, వానొస్తే కప్పు కారుతుంది అని నేను చెబితే ఆవులించింది. గోడలు ఇంత మందం అత్తయ్యా అని తోటికోడలు చేతులు చాపితే కళ్లొత్తుకుంది. నేను పెద్దకోడల్ని. అది మాత్రం 'అమ్మాయి'. మా ఆయన కూడా, మరదలు చెప్పేదాంట్లో పాయింటుంది అన్నాడు.
పాయింటట!

మార్చి 20
కమిటీ మీటింగ్. నేను ముప్పై స్లయిడ్లు వేశాను. అది ఒక్క ఫోటో కూడా తేలేదు. అందర్నీ లేపి ఆస్పత్రికే నడిపించుకుపోయింది. ఛైర్మన్ తను పుట్టిన గది వెతుక్కుంటూ వరసగా తలుపులు తీశాడు. ఒళ్లు మండిపోయింది.

ఏప్రిల్ 2
దాని ప్లానే ఖాయమయ్యేలా ఉంది.

ఏప్రిల్ 9
పాత ఆస్పత్రిలో ఒక వార్డు కప్పు కూలింది. అప్పుడు లోపల ఎవరూ లేరు. సంతోషం వేసింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు కాబట్టి సంతోషపడొచ్చు. సాయంత్రానికి కమిటీ మొత్తం నా వైపు తిరిగింది. తోటికోడలు ఫోన్ చేసి, కంగ్రాట్స్ అక్కా అని పెట్టేసింది. అలా కాకుండా తిట్టుంటే హాయిగా ఉండేది.

మే 6
కూల్చివేత. హెల్మెట్ పెట్టుకుని గేటు దగ్గర దర్జాగా నిలబడ్డాను. ఎంత జనం! అక్కడ కన్నవాళ్లు, అక్కడ పుట్టినవాళ్లు. అందరూ తోటికోడల్ని పట్టుకుని ఏడ్చారు, మా అత్తగారితో సహా. నన్ను పలకరించింది ఒక్కావిడే, ఈ దుమ్ము ఇంకా ఎన్నాళ్లని. గెలిచింది నేను. ఓడిపోయినదాన్ని చూసి కుళ్లుకుంటున్నదీ నేనే.

మే 14
తోటికోడలు ఇంటికొచ్చి, డ్రాయింగులు చూడొచ్చా అక్కా అంది. గొప్పకి పోయి చూపించాను. చాలాసేపు చూసింది. లోపల మనిషి నొప్పులు పడుతుంటే బయటున్నవాళ్లు ఏం చేస్తారక్కా అని అడిగింది. వెయిటింగ్ హాలుంది, ఏసీ, మెత్తటి కుర్చీలు అన్నాను. కూర్చోలేరక్కా, అటూ ఇటూ తిరుగుతారు అంది. మా ఆయన వెంటనే అందుకుని, మన పాప పుట్టిన రోజున తను కుర్చీ ముఖమే చూడలేదన్నాడు. ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. మరదలి ముందు చెప్పాడు.
అది పెన్సిల్ తీసుకుని ముందువైపు పొడుగ్గా ఒక వరండా గీసింది. రెండే గీతలు. బిల్డింగుకి ప్రాణం వచ్చింది. టీ పెడతానని వంటింట్లోకి వెళ్లి, స్టవ్ వెలిగించకుండా నిలబడ్డాను.

మే 15
వరండా పెట్టాను. ఎవరి ఐడియా అని అడిగితే చెబుతాను.
అడక్కపోతే బాగుణ్ణు.