ఆకు వెనక చుక్కలు

బావా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. చదవవని తెలిసీ రాస్తున్నాను, ఇవాళ నీ తమ్ముడు సింహాచలం నా ప్రాణం విసిగించాడు.

తుపానుకి జీడితోట సగం కూలి నేలంతా ఎండ పడ్డాక, నీ ఫెర్ను మొక్కలు గెడ్డ నీళ్ళ ఒడ్డున పనసల నీడలోనే మిగిలాయి కదా. ఇవి ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా కనబడలేదని పలాస నుంచి వచ్చిన కాలేజీ మేడం చెప్పాక, ఆ చెమ్మ నేల మీద నువ్వెవరినీ కాలు పెట్టనివ్వలేదు. జీడిపిక్కలు రాలే ముందు తోటంతా శుభ్రం చేసినా, అక్కడ మాత్రం కత్తి ఆడేది కాదు.

సింహాచలం ఇవాళ ఆకు తిరగేసి, వెనక తుప్పురంగు చుక్కలు చూసి, మందు కొట్టేశాడు.

"తెగులొదినా! జీడికి అంటుకుంతాదని కొట్టీసేను."

"తెగులేటయ్యా, అవి దాని ఇత్తనాలు!"

"మరి అన్న నాకెప్పుడూ సెప్పలేదేటి?"

పెళ్ళైన కొత్తలో నేనూ చీడనుకుని పీకబోతే, చెయ్యి పట్టుకుని ఆపి చెప్పావు. నాకొక్కదానికే చెప్పి ఊరుకున్నావేం బావా?

మందు పడని మొక్కలు రెండున్నాయి. రేపు నీ సంవత్సరీకానికి వచ్చినవాళ్ళందరినీ భోజనాలకి ముందే గెడ్డకి తీసుకెళ్ళి, ఆకు తిరగేసి చూపిస్తాను. తొక్కినవాళ్ళకి అన్నం పెట్టను.