తాతయ్యకి టిక్కెట్టు లేదు

రంగూన్, 1940 నవంబరు, శుక్రవారం

వీధికుక్కను తరిమానని నాకు జాలి లేదట. చదువుకుని రాయినైపోయానని అమ్మ తీర్పు. తిండి మరిగితే, మేం ఊరెళ్ళాక తాళం వేసిన గుమ్మం ముందే పడి చస్తుందని తరిమాను.

మొన్న తాతయ్య తద్దినంలో కాకులకు పెట్టిన పిండం అది తినేసింది. అంతే, ఆ కుక్కే తాతయ్య అయిపోయింది. "మీ తాత సముద్రం దాటొచ్చినారే, సూడు!" అంటూ మామ్మ రోజూ పెరుగన్నం పెడుతోంది. నాన్న దానికి దారిచ్చి పక్కకు నిలబడుతున్నారు!

వచ్చే వారం ఓడెక్కి నరసన్నపేట పోతాం. ఈ ఇంటికి ఆరు నెలలు తాళం.

"మరి తాతయ్యకి టిక్కెట్టో?" అన్నాను.

"కుక్కకి టిక్కెట్టేటే, మతి పోయిందేటి?" అంది మామ్మ.

చిటికెలో మళ్ళీ కుక్కయింది.

పక్కింటి బర్మా ఆవిడ పెంచుకుంటానంది. వాళ్ళింట్లో రోజూ ఎండుచేపలే. తాతయ్య చేత చేపలు తినిపిస్తావా అని వీళ్ళు గగ్గోలు పెడతారు. రేపు పొద్దున్నే ఇచ్చేస్తాను.