పరగడుపు

శుక్రవారం, వనపర్తి

చెవుడున్నవాళ్ల కోసమని దవాఖానలో ఒక టీవీ పెట్టి, అందులో సైగలు చేసే, కోటు తొడిగిన కంప్యూటర్ బొమ్మను నిలబెట్టారు. రాళ్ల ఆపరేషన్‌కు ముందు రక్తపరీక్ష ఉంది, పరగడుపున రమ్మని నిన్న మా అక్కకు ఆ బొమ్మే చెప్పిందట. అక్క ఈరోజు కడుపునిండా రొట్టె తిని వచ్చింది. నర్సు కసిరింది.

బొమ్మతో మళ్లీ చెప్పించి చూశాను. ముందు పరాయివాళ్లను చూపింది, తర్వాత నిండు గర్భాన్ని. పర, కడుపు. ఎవరో నీళ్లోసుకున్నారు కాబోలు, మనకెందుకులే అనుకుందట అక్క. చెప్పినంతసేపూ ఆ బొమ్మ మొహాన అదే పెళ్లిపందిరి నవ్వు.

ఇన్‌ఛార్జి సారుకు చెప్తే, "హైదరాబాద్‌ల తయారైంది, తప్పెట్ల చేస్తది? మీ అక్కకే సైగలు సక్కగ రావేమో చూడు" అన్నాడు. పుట్టినప్పటినుంచీ చేతులతోనే మాట్లాడే మనిషికి సైగలు రావట. ఏం తెలివి.

"ఆపరేషన్ నాడు నేను లోపలికి రావచ్చా సార్?" అని అడిగాను.

"నువ్వెందుకమ్మ ఇంక? మత్తిచ్చేటప్పుడు గూడ బొమ్మనే చెప్తది."

సారు ఏమన్నాడని అక్క నా భుజం తట్టి అడిగింది. చెప్పడానికి నాకు చేతులు రాలేదు.