ఈ ఒక్క లింకూ నొక్కు

నాన్నా, లేవగానే మెయిల్ చూడు. నీ యూట్యూబ్ ఛానల్‌కి ఓనర్‌గా చేరమని ఒక లింకు ఉంటుంది, నొక్కి ఒప్పుకో. మోసగాళ్లు కాదు, నేనే పంపాను. ఇంతకుముందు పంపినవి రెండూ చెరిపేశావు. ఏ లింకూ నొక్కొద్దని నీ బుర్రకెక్కించింది నేనే, ఇప్పుడది నా మెడకే చుట్టుకుంది.

నీ ఫ్యాన్ల రిపేరు ఛానల్‌ని బుద్ధిలేక మా ఆఫీసు మెయిల్‌తో తెరిచాను. ఇవాళ అక్కడ మానేస్తున్నా. సాయంత్రం ఆ మెయిల్ మూసేస్తే ఛానలూ పోతుంది. లేచినప్పటి నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నా. నువ్వేమో "నీ పేరునే ఉంచుకోవే" అంటావు. చేతులు నీవి, గొంతు నీది, ఛానల్ నాదెలా అవుతుంది? నా సొంత మెయిల్‌ని మేనేజర్‌గా మాత్రమే చేర్చాను. నొక్కగానే ఫోన్ చెయ్యి.

అన్నట్టు, ఓనర్‌కి మేనేజర్‌ని తీసేసే బటన్ కూడా కనిపిస్తుంది. దాని జోలికి మాత్రం వెళ్లకు నాన్నా.