చావింటికి వచ్చిన బూట్లు

వేట శిబిరం మేనేజరు గారికి,

మా మేనమామ సియాలుంబను పాతిపెట్టిన మర్నాడు మీరు పంపిన బూట్లు అందాయి. మోకాలి దాకా తోలు పట్టీలు, ముళ్లు రాసుకున్నా చప్పుడు చెయ్యని మందపాటి నూలు చొక్కా కూడా ఉన్నాయి.

పోయిన ఎండాకాలం ఆయన ఇవే అడిగాడు. "నీ పాదాలే తోలు కదయ్యా, బూట్లెందుకు?" అని మీరు నవ్వారు. గాయపడిన అడవిదున్న వెనక్కి తిరిగి మీదికొచ్చిన రోజు, మీ అతిథులు బూట్లతో పరుగెత్తారు. జాడ తీస్తూ ముందు నడిచిన మామయ్యకు టైరు చెప్పులోంచి ముల్లు దిగింది. చెట్టు ఎక్కలేకపోయాడు.

ఒంటికి రక్షణ దానం కాదు, పనివాడి హక్కు అని కరపత్రాల్లో చదివి ఆయనకు చెప్పేవాణ్ణి. "నీ కాగితాలు ముళ్లనాపుతాయా అల్లుడూ?" అని వెక్కిరించేవాడు.

పోయినవాడి పేరు మాలో మేనల్లుడికి వస్తుంది, పేరుతో పాటు పనీ వస్తుంది. ఇవాళ పెద్దలు ఆయన పేరు నాకిచ్చారు. తర్వాత బూట్లు తొడిగి చూశాను. మామయ్యది చిన్న పాదం. ఎవరి చేత కొలిపించారో గానీ, ఇవి సరిగ్గా నా కొలత.

ఇకపై నాతో జాడ తీసే ముంసాకకు, మూలేయకు కూడా ఇవన్నీ పంపండి. అప్పటిదాకా మీ అతిథుల ముందు ఎవరమూ నడవం.

ఇట్లు,
ఇవాళ్టి నుంచి సియాలుంబ