తీసేసిన మూడు వందల పన్నెండు

మార్చి 3
కంటి ఆసుపత్రి వెయిటింగ్ లిస్ట్ నా నెత్తిన పడింది. దానంగా వచ్చే కార్నియా కోసం ఎదురుచూసేవాళ్ళ పేర్లు. 4,118 ఎంట్రీలు. మూడు కౌంటర్లలో ముగ్గురు మూడు రకాలుగా ఎక్కించారు. ఒకావిడ పేరు నాలుగు స్పెల్లింగులతో నాలుగుసార్లు ఉంది. డూప్లికేట్లు తీసేస్తేగాని కొత్త సిస్టమ్‌లోకి ఎక్కించడం కుదరదు. ఈ వారంలోనే కావాలట.

మార్చి 5
పేరుతో పోలిస్తే, స్పెల్లింగు మారిన ప్రతిచోటా కొత్త మనిషి పుట్టుకొస్తున్నాడు. అందుకని పేరు వదిలేశాను. ఇంటిపేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబర్. ఈ మూడూ కలిస్తే మనిషి ఒకరే. లిస్ట్‌లో ముందున్నది ఉంటుంది, తర్వాతది పోతుంది. ఒక్క లైన్ కోడ్. రాసి, కాసేపు దాన్నే చూసుకుంటూ కూర్చున్నాను. కాకిపిల్ల కాకికి ముద్దు.

మార్చి 6, సాయంత్రం 4
3,806 మిగిలాయి. 312 పోయాయి.
రిజిస్ట్రేషన్ చూసే పెద్దాయన పైకి వచ్చాడు. ఆయన్ని ఆఫీసంతా బాబాయి అంటారు. పోయిన 312 ప్రింట్ తీసి ఇస్తే పాత ఫైళ్ళతో సరిచూస్తానన్నాడు. రెండు రోజులు చాలట. కోడ్‌కి మతిమరుపు ఉండదు బాబాయ్ అన్నాను, నవ్వుతూ. ఆయన మెట్లు దిగిపోయాడు.
మేనేజర్ నలుగురిలో మెచ్చుకున్నాడు.

మార్చి 7
సెలవు పెట్టి కంటినిండా నిద్రపోయాను.

నవంబర్ 19, ఉదయం 11
బాబాయి నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. మోకాళ్ళ నొప్పుల మనిషి, ఫోన్ చేయకుండా మెట్లెక్కి వచ్చాడు. కింద ఒకావిడ కూర్చుందట. ఆవిడ పేరు కాగితం ఫైల్లో ఉందట, సిస్టమ్‌లో లేదట.

మధ్యాహ్నం
ఇద్దరు తోడికోడళ్ళు. ఒకే ఇంటిపేరు, ఒకే ఇల్లు, ఇంటికంతా ఒకే ఫోను. పుట్టిన తేదీ తెలియనివాళ్ళకి కౌంటర్‌లో జనవరి ఒకటి వేస్తారు, ఏడాది అంచనాగా రాస్తారు. ఇద్దరికీ ఒకే ఏడాది పడింది. ఇద్దరి కళ్ళమీదా పొర.
మూడూ కలిశాయి. నా కోడ్ ఇద్దర్నీ ఒక్కరిని చేసింది.
లిస్ట్ అక్షరక్రమంలో పెట్టింది నేనే. చిన్నావిడ పేరు ముందొచ్చింది, ఉండిపోయింది. పెద్దావిడ పోయింది. పేరు నమోదు చేయించుకున్నది మాత్రం పెద్దావిడే ముందు.
చిన్నావిడకి మే నెలలో ఆపరేషన్ అయింది. పెద్దావిడ నెలనెలా ఫోన్ చేస్తూనే ఉందట. ఈ నంబర్ మీద ఆపరేషన్ అయిపోయిందమ్మా అనేవారట కౌంటర్‌లో. అది మా చెల్లిది, నాది ఇంకా ఉంది అని ఈవిడ. సరే, పిలుస్తాం అని వాళ్ళు. ఎవరూ అబద్ధం చెప్పలేదు.
నేను ఎదురుగా నిలబడ్డాను. నా వంతు దాటిపోలేదు కదమ్మా అని ఆవిడే అడిగింది.

నవంబర్ 20
312నీ ఒక్కొక్కటిగా బాబాయి, నేను ఫైళ్ళతో సరిచూశాం. పూట కూడా పట్టలేదు. 303 నిజంగానే డూప్లికేట్లు. తొమ్మిది మంది మనుషులు.
ఎనిమిది మందికి ఫోన్ చేసి, ఎవరి స్థానం వాళ్ళకి ఇచ్చేశాం. నష్టమేమీ జరగలేదు.
తొమ్మిదో మనిషి ఆవిడ.

నవంబర్ 21
డాక్టరమ్మ దాచలేదు. రెండో కన్ను ఎప్పుడో పోయింది. ఉన్న కంటికి సెప్టెంబర్‌లో ఇన్ఫెక్షన్ వచ్చి లోపలిదాకా పాకింది. ఎండాకాలంలో చేసి ఉంటే చూపు వచ్చేదట. ఇప్పుడు చేసినా పెద్దగా ఆశ పెట్టుకోవద్దంది.
ఎండాకాలంలో. ఆ మాటే చెవిలో తిరుగుతోంది.

నవంబర్ 24
నమోదులో పొరపాటు అని రిపోర్టు రాయమన్నాడు మేనేజర్. అది బాబాయి మెడకి చుట్టుకుంటుంది. ఏప్రిల్‌లో ఆయన రిటైర్మెంటు. నేను అలా రాయలేదు. ఏ మూడు తీసుకున్నానో, ఏది వదిలేశానో, బాబాయి ప్రింట్ అడిగినా ఎందుకు వద్దన్నానో రాసి, కింద నా పేరు పెట్టాను.
బాబాయి చదివాడు. నేనూ గట్టిగా అడగాల్సింది అన్నాడు. తిట్టినా బాగుండేది.

డిసెంబర్ 12
ఆపరేషన్ అయింది. ఈ రోజు కట్టు విప్పారు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. డాక్టరమ్మ వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగింది. వెలుతురుంది తల్లీ, మనుషులు లేరు అంది ఆవిడ.
వరండాలో చిన్నావిడ ఏడ్చింది. అక్క వంతు నేను లాక్కున్నానంది. తప్పు మీది కాదు, నాది అన్నాను. నీ మెషిన్ల సంగతి నాకేం తెలుసు, ఇంట్లో అక్క గోడలు తడుముకుంటుంటే రోజూ చూసేది నేనే కదా అంది.


డిసెంబర్ 13
ఆఫీసుకి వెళ్ళలేదు.

జనవరి 4
వాళ్ళింటికి వెళ్ళాను. చిన్నావిడ తలుపు తీసి, పక్కకి జరిగింది. నా గొంతు విని పెద్దావిడ లేచింది. వద్దంటున్నా వినకుండా, తడుముకుంటూ వెళ్ళి, నాకోసం కుర్చీ తెచ్చి వేసింది. గోడకి ఎదురుగా వేసింది.
తిప్పుకోలేదు. అలాగే కూర్చున్నాను.