ఇరుక్కున్న రింగు

శుక్రవారం

తప్పు చేసింది నేను పనిచేసే మెకానిక్ దుకాణం ఉస్తాద్, పేరు పోయింది నాది. సారయ్య మామ పడవ ఇంజన్ చెరువు నడుమ పట్టేసి ఆగిపోయింది. పాత స్కూటర్ ఇంజన్‌ను పడవకు ఎక్కించి, స్పీడ్ కోసం సిలిండర్‌ల పొగ పోయే బొక్కను ఆకురాయితోటి పెద్దగ చేసింది నేనే. అది పట్టుకొని ఉస్తాద్ దుకాణం ముంగట అందరు ఇనంగ, "పోరడు గీకి గీకి ఖరాబ్ చేసిండు సారయ్యా" అన్నడు.

ఇంజన్ విప్పి పిస్టన్ చూసిన. నా గీకుడే తప్పయితే పిస్టన్ చుట్టు ఉండే రింగు ఆ బొక్క అంచుకు తగిలి ఇరుగాలె. ఇరుగలే. గట్టిపడ్డ మసిల ఇరుక్కొని ఉన్నది, గోరు పెట్టినా కదల్లే. పిస్టన్ నిండ పొడుగు గీతలు. ఇది లారీలకెల్లి తీసిన కాలిన ఆయిల్ పని. కొత్తదని చెప్పి పెట్రోల్‌ల అదే కలిపి ఇస్తడు ఉస్తాద్. దుకాణంల అందరికి ఎరుకే, ఎవ్వడు నోరు తెరువడు.

పిస్టన్ పట్టుకపోయి మామకు చూపెట్టి, ఆయిల్ సంగతి చెప్పిన.

"నీకెవ్వలు నేర్పిండ్రు బిడ్డా ఈ పని?"

"ఎవ్వలు నేర్పలే. విప్పి చూసుకుంట నేర్చుకున్న."

"మరి ఉస్తాద్ మాట ఇనాల్నా, నీ మాట ఇనాల్నా?"

ఒక భుజం పని చెయ్యని మనిషి, రేపటి సంది తెడ్డు ఏసుకుంటనే వలకు పోతడట. కొత్త పిస్టన్ ఏసినా అండ్ల పడేది మళ్ల ఆ ఆయిలే...

ఉస్తాద్, నువ్వు చెప్పవని నాకు తెలుసు. అయినా ఈ కాగితం మీద రాసి అడుగుతున్న. మామకు నిజం చెప్పు. రేపు పొద్దున దుకాణం షట్టర్ ఎత్తేలోపల చెప్తవో చెప్పవో నాకు తేలాలె.